సీజన్ మారిన ప్రతిసారీ ముఖం భగ్గుమంటోంది, రొసేషియాకి ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఖమ్మంలో ఉండే ఒక టీచర్ గారు, వయసు 41. రెండేళ్లుగా శివరాత్రి దాటిందంటే చాలు, బుగ్గలూ ముక్కూ మండుతూ సన్నటి పొక్కులు లేస్తున్నాయట. వానలు పడ్డాక కాస్త నెమ్మదిస్తుంది. డిసెంబరు చలికి చర్మం బిగుసుకుపోయి మళ్లీ అదే మంట. చర్మం డాక్టరు రొసేషియా అని చెప్పి జెల్ రాసిచ్చారు. రాస్తే తగ్గుతోంది, తగ్గాక మానేస్తున్నారు, కాలం మారగానే మొదటికొస్తోంది. "ఇది పూర్తిగా పోదా? వాతావరణం మారేటప్పుడు ఏం చేయాలి?" అని అడిగారు.

టీచర్ గారూ, నేను విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా చర్మవ్యాధులకు వైద్యం చేస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. బీపీలాగే అదుపులో పెట్టుకోవాలి. అదుపులో ఉంటే మాత్రం నెలల తరబడి అది ఉందన్న సంగతే మర్చిపోవచ్చు. చిక్కంతా మీరు మందు వాడే తీరులో ఉంది. తగ్గగానే జెల్ మానేస్తున్నారు, మంట మొదలయ్యాక మళ్లీ ట్యూబు వెతుక్కుంటున్నారు. ఆ మందు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి కాలం మారడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. తేదీలు చెబితే గుర్తుండవని నా పేషెంట్లకు పండగలు చెబుతాను. వేసవి జాగ్రత్తలు రథసప్తమికి మొదలు, చలికాలం జాగ్రత్తలు దీపావళికి మొదలు. ఎండ ముదిరాక గొడుగు కొనుక్కుంటే అప్పటికే నెల రోజుల మంట పడి ఉంటారు.

కాలం మారితే ముఖానికి ఎందుకంత కోపం? ముఖం మీది సన్న రక్తనాళాలూ, వాటి పక్కనే ఉండే నరాల చివరలూ ఈ జబ్బులో ఉలిక్కిపడే స్వభావంతో ఉంటాయి. మిరపకాయలో కారం పుట్టించే క్యాప్సైసిన్, పొయ్యి సెగ రెండూ ఆ నరాల చివర తట్టేది ఒకే తలుపు. దాని పేరు టీఆర్‌పీవీ1. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని గుర్తించింది. ఆ పనికే ఆయన 2021లో మరొక శాస్త్రవేత్తతో కలిసి నోబెల్ అందుకున్నారు. మామూలుగా ఆ తలుపు సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. వాపు, మంట ఉన్న చర్మంలో అంతకన్నా తక్కువ వేడికే తెరుచుకుంటుంది. కారం తిన్నా నోరు మండింది అంటాం, నిప్పు తగిలినా చెయ్యి మండింది అంటాం. మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలిసినట్టుంది.

చలికాలం కథ వేరు. పొడిగాలి చర్మంలోని నీటిని లాగేస్తుంది. రొసేషియా ఉన్న చర్మానికి పైపొర అసలే బలహీనం, కారుతున్న కుండలాంటిది. అది ఎండి బీటలు వారితే మంచినీళ్లు తగిలినా చుర్రుమంటుంది. అంటే వేసవిలో మీకు శత్రువు వేడి, చలికాలంలో పొడిదనం. అందుకే ఏడాది పొడుగునా ఒకే క్రీము, ఒకే పద్ధతి అంటే కుదరదు.

ముందుకు వెళ్లేలోపు ఒక విషయం తేల్చుకోవాలి. ఇది రొసేషియానేనా? మీ డాక్టరు ముఖం చూసి చెప్పారు, నేను చూడలేదు, కాబట్టి ఆయన మాటే నమ్ముతాను. కానీ చామనఛాయ చర్మంలో దీన్ని గుర్తుపట్టడం మాకే కష్టం. పుస్తకాల్లో ఫొటోలన్నీ తెల్లవాళ్లవి, టమాటాల్లా ఎర్రటి బుగ్గలు. మనవాళ్లలో ఎరుపు అంతగా కనపడదు. ముఖం కాస్త నల్లబడినట్టో, రాగిరంగులోకి తిరిగినట్టో ఉంటుంది. కంటికి కనిపించకపోయినా పేషెంటు నోట ఒక మాట వస్తుంది: "ముఖంలోంచి ఆవిర్లు వస్తున్నాయండీ."

ఈ విషయంలో నేనూ తప్పు చేశాను. ప్రాక్టీసు మొదటి రోజుల్లో కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ వచ్చింది. బుగ్గల మీద పొక్కులు చూసి మొటిమలనుకుని, మొటిమలకిచ్చే ఘాటైన క్రీము రాసిచ్చాను. వారానికి కొంగుతో ముఖం కప్పుకుని వచ్చింది. అప్పుడు గాజు పలక బుగ్గ మీద పెట్టి నొక్కి చూస్తే కింద రంగు పాలిపోయింది, తీయగానే రక్తం మళ్లీ పరుగెత్తుకొచ్చింది. ఇంకొంచెం దగ్గరగా చూస్తే మొటిమల ముఖంలో ఉండాల్సిన బ్లాక్‌హెడ్ ఒక్కటీ లేదు. పొక్కులున్నాయి, మంట ఉంది, బ్లాక్‌హెడ్స్ లేవు అంటే మొటిమల మందు రాసే చెయ్యి ఆగాలి. ఆ రోజు నుంచి నా టేబుల్ మీద గాజు పలక ఉంటోంది.

ఇంకో పెద్ద అనుమానం స్టెరాయిడ్ క్రీము. ఇంతకుముందు తెల్లబడటానికో, మచ్చలకో, దురదకో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీము ఏదైనా ముఖానికి వాడారా? ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా లేదా అన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు. వీటిని నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడి, రక్తనాళాలు పైకి తేలి, అచ్చం రొసేషియాలాగే తయారవుతుంది. అసలు రొసేషియా ఉన్నవాళ్లు రాస్తే మొదటి వారం అద్భుతంగా ఉంటుంది, తర్వాత అది లేకుండా గడవదు.

నిశ్చితార్థం ఫొటోల కోసం ఒకమ్మాయి మూడు మందులు కలిపిన క్రీము ఏడు నెలలు రాసింది. ఏప్రిల్ ఎండకి గడప దాటలేకపోయింది. ఆపించాక మూడు వారాలు నరకం చూసింది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "డాక్టర్ గారూ, ఒక్కసారి, ఒక్కసారి రాసుకుంటాను" అని ఏడ్చింది. ఆపిన కొత్తలో మంట పెరుగుతుందని ముందే చెప్పాను కాబట్టి ఓర్చుకుంది. ముఖం తేటపడటానికి నాలుగు నెలలు పట్టింది. ఇలాంటి క్రీము మీరు వాడుతుంటే సొంతంగా ఆపేయకండి, డాక్టరు చూస్తుండగా ఆపండి.

సరే, ఇక వేసవి సంగతి. మీరు టీచరు కాబట్టి మీ అసలు సమస్య నాకు తెలుసు: ఒంటిపూట బడులు. పిల్లలకి సుఖమేమో గానీ, మీరు బడి నుంచి బయటపడేది సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ముఖానికి చున్నీ బిగించి కట్టుకుంటే ఎండ ఆగుతుంది, కానీ పాలిస్టర్ చున్నీ లోపల ముఖం ఉడికిపోతుంది. పల్చటి నూలు గుడ్డ వదులుగా వేసుకోండి, బండి మీద కాకపోతే గొడుగే మేలు. కుదిరితే బడిలోనే కాస్త ఆగి చల్లబడ్డాక బయలుదేరండి.

సన్‌స్క్రీన్ తప్పదు, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువది. జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది తీసుకోండి, మిగతా వాటితో ఈ చర్మం చాలామందికి చిటపటమంటుంది. బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తోందని సగం మంది మానేస్తారు. వాళ్లకు రంగు కలిపిన రకం బాగుంటుంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు గీస్తే ముఖానికీ మెడకీ సరిపోతుంది. పొద్దున రాసింది మధ్యాహ్నానికి చెమటలో కొట్టుకుపోతుంది కాబట్టి బయలుదేరే ముందు ఇంకోసారి రాయాలి.

బయటి నుంచి రాగానే ఏసీ 18లో పెట్టి గాలికి ముఖం అడ్డం పెట్టడం, ఫ్రిజ్‌లోంచి ఐస్ తీసి రుద్దడం, రెండూ వద్దు. ఒక్కసారిగా ముడుచుకున్న రక్తనాళం తర్వాత ఇంకా గట్టిగా విచ్చుకుంటుంది. నూలు రుమాలు కుండనీళ్లలో ముంచి పిండి పది నిమిషాలు వేసుకోండి, రుద్దకుండా తీసేయండి. ఏసీ 26 దగ్గర ఉంటే చాలు. ఒళ్లు బాగా వేడెక్కినప్పుడు చిన్న ఐసుముక్క నోట్లో పెట్టుకుని చప్పరిస్తే ముఖం త్వరగా చల్లబడుతుంది. చిన్నపిల్లల చిట్కాలా ఉంటుంది గానీ పనిచేస్తుంది. ఎండలో నిలిపిన కారులో వెంటనే కూర్చోకండి, తలుపులన్నీ తీసి కాసేపు ఆగండి.

వంటిల్లు కూడా ఎండలాగే చెరుపు చేస్తుంది, ఎవరూ ఒప్పుకోరు కానీ. ఎండుమిర్చి పోపు ఘాటు, పెనం సెగ, సాయంత్రం కిటికీ మూసిన వంటగది, ఇవన్నీ ఒకేసారి ముఖం మీదికి వస్తాయి. మే నెలలో దానికి ఆవకాయ తోడవుతుంది. కారం కలిపే పని ఈ ఏడాది ఇంట్లో ఇంకెవరికైనా అప్పజెప్పండి. ముక్కలు తుడవడం మీరు చేయొచ్చు.

తిండి గురించి మనవాళ్లు అతిగా భయపడతారు. ముఖం మీద ఏది వచ్చినా వంకాయ, గోంగూర, గుడ్డు మానేస్తారు. మిషన్ కుట్టే ఒకావిడ రెండేళ్లు వంకాయ ముట్టలేదు, మంట తగ్గలేదు. గోడ క్యాలెండర్ మీద మంట వచ్చిన రోజు చుక్క పెట్టి, పక్కన ఆ రోజు ఏం చేసిందో రెండు ముక్కలు రాయమన్నాను. నెల తర్వాత చూస్తే చుక్కలన్నీ పెళ్లి జాకెట్ల తొందరలో రాత్రిదాకా ఇస్త్రీ పెట్టె ముందు నిలబడ్డ రోజుల పక్కనే ఉన్నాయి. వంకాయ తిన్న రోజులెలాగూ లేవు. ఇస్త్రీకి మనిషిని పెట్టుకుంది, వంకాయ కూర మొదలుపెట్టింది. మీరూ అలాగే చుక్కలు పెట్టండి. పడనిదేదో మీ క్యాలెండరే చెబుతుంది. సాధారణంగా బయటపడేవి పచ్చళ్ల కారం, మసాలా, మద్యం, పొగలు కక్కే టీ. టీలో తప్పు ఎక్కువగా వేడిదే. గోరువెచ్చగా తాగితే చాలామందికి ఏమీ కాదు. సిలబస్ పూర్తి కాలేదన్న టెన్షన్ కూడా రాసుకోండి, అదీ లెక్కలోకి వస్తుంది.

వానాకాలం మీకు సమస్య కాదన్నారు, వదిలేస్తాను. ఒక్కటే మాట: మబ్బు పట్టిందని సన్‌స్క్రీన్ మానకండి, వానలు వెనకపట్టాక అక్టోబర్ ఉక్కపోతలో జాగ్రత్తగా ఉండండి.

చలికాలానికి దీపావళి నుంచి ఫేస్‌వాష్ మార్చండి. నురగ ఎక్కువ వచ్చే సబ్బు పక్కన పెట్టి, నురగ లేని మెత్తటి క్లెన్సర్‌తో రోజుకి రెండుసార్లు, గోరువెచ్చని నీళ్లతోనే కడగండి. తల మీద పోసుకునే వేడి నీళ్లు ముఖం మీదుగా పారనివ్వకండి. తడి పూర్తిగా ఆరకముందే సెరమైడ్లు, గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్ రాయండి, సువాసన లేనిది. సున్నిపిండి, ముల్తానీ మట్టి, నిమ్మరసం మాట ఎత్తవద్దు. అవి మంచివా చెడ్డవా అన్నది తర్వాత, రాపిడీ, పులుపూ రెండూ ఈ చర్మానికి విషమే. మాఘమాసం పెళ్లిళ్ల ముందు పార్లర్లో బ్లీచ్, ఫేషియల్ చేయించుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఏటా ఉంటారు.

చలికాలంలో ఎవరూ ఊహించని రెండు దెబ్బలున్నాయి. ఒకటి ఆవిరి. జలుబు చేసిందని దుప్పటి కప్పుకుని గిన్నె మీద ముఖం పెడతారు, పైగా అందులో బామ్ వేస్తారు. పది నిమిషాల్లో తెచ్చుకున్న మంట పది రోజులు ఉంటుంది. ముక్కు దిబ్బడకి మామూలు సెలైన్ చుక్కలు వాడుకోండి. రెండోది భోగి మంట. తెల్లవారుజామున చలిలో బిగుసుకున్న ముఖాన్ని తీసుకెళ్లి నిప్పు ఎదుట పెడతాం! పండగ మానమని చెప్పను, నేనూ మానను. మంటకి వీపు పెట్టి నిలబడండి. అమెరికాలో చికాగో లాంటి చోట్ల ఉండే మనవాళ్లకి ఇదే పరిస్థితి రోజూ ఉంటుంది: బయట గడ్డకట్టే గాలి, తలుపు తీస్తే హీటర్ వేడి. వాళ్లు బయట ముక్కూ బుగ్గలూ కప్పుకుని, ఇంట్లో హీటర్ గాలి ముఖానికి తగలకుండా, గదిలో తేమ పెంచే యంత్రం పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు.

మందుల గురించి కొంచెం. మీరు జెల్ పేరు చెప్పలేదు, బహుశా మెట్రోనిడజోల్ కావచ్చు. పొక్కులు ఎక్కువగా ఉన్నవాళ్లకి నేను తరచుగా రాసేది ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీము, రోజుకి ఒకసారి. డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు మీద అది పనిచేస్తుంది. "నా ముఖం మీద పురుగులా!" అని అదిరిపడకండి, పెద్దవాళ్లందరి ముఖం మీదా ఉంటుంది, రొసేషియాలో సంఖ్య పెరుగుతుంది అంతే. అజెలాయిక్ యాసిడ్ 15 శాతం జెల్ మన చర్మానికి బాగా సరిపోతుంది, ఎందుకంటే పొక్కులు మానాక మిగిలే నల్ల మచ్చల్నీ తగ్గిస్తుంది. మొదటి రెండు వారాలు చిమచిమలాడుతుంది, మాయిశ్చరైజర్ మీద రాస్తే భరించవచ్చు. ఏదైనా సరే, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడకుండా పనిచేయలేదని తీర్పు చెప్పకండి. తగ్గాక కూడా మీ డాక్టర్ని అడిగి వారానికి కొన్ని రోజులైనా కొనసాగించండి.

పొక్కులు విరగబడినప్పుడు డాక్సీసైక్లిన్ తక్కువ మోతాదులో కొన్ని వారాలు ఇస్తాం. గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, మింగగానే పడుకోకూడదు, ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది, గర్భిణులు వాడకూడదు. గంటలో ఎరుపు దించే బ్రైమోనిడిన్ జెల్ కూడా ఉంది, కొందరిలో దాని ప్రభావం దిగాక ముఖం ముందుకన్నా ఎర్రబడుతుంది. పెళ్లి రోజు పొద్దున మొదటిసారి రాసి ప్రయోగం చేయకండి. లేజర్ విషయంలో తొందర వద్దు. చామనఛాయ చర్మం మీద సరైన యంత్రం, అలవాటైన చెయ్యి లేకపోతే కాలిన మచ్చలు మిగులుతాయి.

కళ్లను మర్చిపోకండి. ఇసుక పడ్డట్టు గరగర, రెప్పల అంచు ఎరుపు, మాటిమాటికీ కంటికురుపులు వస్తుంటే రొసేషియా కంటికి కూడా ఉందేమో చూడాలి. ఒక బ్యాంకు ఉద్యోగి రెండేళ్లు కళ్లకలక చుక్కలు వేసుకుంటూ తిరిగాడు. చివరికి ముక్కు మీది పొక్కుల కోసం నా దగ్గరికి వస్తే గానీ సంగతి తెలియలేదు. ఇక్కడ వైద్యం తిరగబడుతుంది: ముఖానికి చల్లటి గుడ్డ, మూసిన రెప్పలకి మాత్రం గోరువెచ్చటి గుడ్డ. నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ముఖం ఎరుపుతో పాటు కీళ్ల నొప్పులు, నోటిపూతలు, జుట్టు రాలడం, జ్వరం ఉంటే అది లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) కావచ్చు, రక్తపరీక్ష చేయించుకోవాలి. మీ వయసులో నెలసరి మార్పులతో వచ్చే వేడి ఆవిర్లూ దీన్ని రెచ్చగొడతాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలు కొందరిలో ముఖం ఎర్రబడేలా చేస్తాయి. ఇది చదివి మాత్ర ఆపేస్తారేమో, ఆ పని చేయకండి. రాసిచ్చిన డాక్టర్ని అడిగితే అవసరమైతే మారుస్తారు.

మీకు బీపీ మాత్రలేవైనా ఉన్నాయా, ఇప్పుడు వాడుతున్న జెల్ పేరేమిటి, అంతకుముందు ముఖానికి ఏ క్రీములు రాశారు, ఈ మూడూ కింద రాయండి. పాత ట్యూబు దొరికితే వెనక సన్న అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు రాయండి. రాత్రి క్లినిక్ అయ్యాక చూసి చెబుతాను.